సహాయ కార్యక్రమాల్లో జెండర్ పని: అందరిదీ అన్నాక ఎవరిదీ కాకుండా పోతోందా?

వానాకాలం:

అందరికీ నమస్కారం. వరద బాధితులకు సాయం చేస్తున్న సంస్థలన్నిటికీ కలిపి జెండర్ కార్యబృందం ఒకటి ఏర్పాటు చేశారు. సాయం ఆడా మగా అందరికీ వారి వారి అవసరాల ప్రకారం అందుతోందా అని చూసే బృందమిది. దాని బాధ్యత ఈమధ్యే నాకు అప్పగించారు. ఇంతకుముందు ఒకే సంస్థలో పోషకాహారం పని చూసేదాన్ని. నా విభాగం, నా లక్ష్యాలు, నా నివేదిక, అంతే. ఇప్పుడు ఆహారం, నీరు-పారిశుధ్యం, ఆశ్రయం, ఆరోగ్యం, విద్య, రక్షణ (బాధితులను హింస నుంచి కాపాడే పని), అన్ని రంగాలవాళ్లతోనూ మాట్లాడాలి.

పైకి చూస్తే లోటేమీ లేదు. ప్రతి సంస్థకూ జెండర్ విధానపత్రం ఉంది, ఆ పని చూసేందుకు ఒకరు ఉన్నారు. నెలకోసారి సమావేశమవుతాం. ‘మేం ఇంతమంది మహిళలకు అవగాహన కల్పించాం’ అని వరుసగా ఒక్కొక్కరూ చెబుతారు. తర్వాతి తేదీ ఖరారు చేసుకుని లేస్తాం.

శిబిరంలోకి వెళ్తే కథ వేరు. గర్భిణుల కోసం సంచార వైద్యశాల వచ్చేదీ, రేషన్ పంచేదీ ఒకే రోజు. క్యూలో నిలబడితే పరీక్ష పోతుంది, పరీక్షకు వెళ్తే రేషన్ పోతుంది. ఏ సంస్థ ప్రణాళికను విడిగా చూసినా తప్పుపట్టడానికి లేదు. సర్వేల సంగతీ అంతే. ఒకే వరుసలోని గుడారాలకు ఒక సంస్థ తర్వాత మరో సంస్థ వెళ్లి దాదాపు అవే ప్రశ్నలు అడిగింది. ‘రాసుకుపోయినవాళ్లు మళ్లీ కనబడలేదు, మీరైనా కనబడతారా?’ అని ఒకావిడ మొహం మీదే అడిగింది.

ఇలాంటి బృందం అసలు ఏ పని చేయాలి, ఏ పని జోలికి వెళ్లకూడదు? ఏ రంగాన్నీ ఆదేశించే అధికారం మాకు లేదు. చేతిలో నిధులూ లేవు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతకాపు:

వానాకాలం గారూ, ఈ చిక్కు మీ ఒక్కరిదీ కాదు. సమన్వయ వ్యవస్థను కట్టిన తీరులోనే ఉంది. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1991 డిసెంబరులో విపత్తు సాయం సమన్వయంపై 46/182 తీర్మానం చేసింది. దాన్ని అనుసరించి మరుసటి ఏడాది సహాయ సంస్థలన్నిటికీ కలిపి ఒక స్థాయీ సంఘం ఏర్పడింది. మన రంగంలో అందరూ ఐఏఎస్‌సీ అనేది దాన్నే. 2005 సంస్కరణలతో క్లస్టర్ పద్ధతి వచ్చింది. ఆరోగ్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, నీరు-పారిశుధ్యానికి యునిసెఫ్, ఇలా ఒక్కో రంగానికి ఒక సారథిని నియమించారు. జెండర్‌కు మాత్రం క్లస్టర్ పెట్టలేదు. అన్ని రంగాల్లోనూ కలిసిపోవాల్సిన అంశాన్ని విడిగా కూర్చోబెట్టకూడదన్నది వాళ్ల ఆలోచన. ఆలోచన సరైనదే. కానీ సారథి లేని పనికి పద్దు ఉండదు, పద్దు లేని పనికి జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

కాగితాలకైతే కొదవ లేదు. 2006లో జెండర్ కరదీపిక వచ్చింది, 2018లో దాన్ని తిరగరాశారు. అనుభవజ్ఞులైన సలహాదారులను సంక్షోభ ప్రాంతాలకు పంపే జెన్‌క్యాప్ అనే ఏర్పాటు 2007లో మొదలైంది. 2008లో విధాన ప్రకటన వచ్చింది. 2017లో దాన్ని బలపరిచి, ఎవరు దేనికి జవాబుదారీయో చెప్పే చట్రాన్ని జోడించారు. విచిత్రమేమిటంటే, మహిళల కోసం ఐరాసలో 2010లో పుట్టిన యూఎన్ విమెన్ సంస్థకు ఆ స్థాయీ సంఘంలో పూర్తి సభ్యత్వం 2022లో గానీ రాలేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీ బృందం ఇంకో రంగంలా మారకూడదు. సొంతంగా శిక్షణలు, సొంతంగా కిట్లు, సొంతంగా సర్వేలు మొదలుపెట్టారంటే ‘జెండర్ వాళ్లు చూసుకుంటున్నారు కదా’ అని మిగతావాళ్లంతా చేతులు దులిపేసుకుంటారు. రెండోది, లింగాధారిత హింస బాధితులకు సేవలందించే ఉపబృందం పనినీ మీ పనినీ కలిపేయకండి. దానికి ఐరాస జనాభా నిధి (యూఎన్‌ఎఫ్‌పీఏ) సారథ్యం ఉంది, దాని పద్ధతులు వేరు. అక్కడ జరగాల్సింది వైద్యం, రక్షణ, కౌన్సెలింగ్. మీరు చూడాల్సింది ప్రతి రంగం తన పనిని ఎలా చేస్తోందన్నది. రెండూ కలిపితే రెండూ చెడతాయి. జెండర్ అంటే హింసే అన్న అపోహ కూడా గట్టిపడుతుంది.

అడ్డుప్రశ్న:

నేను రవాణా, గిడ్డంగుల మనిషిని. ఎవరూ నొచ్చుకోకండి. విపత్తు వచ్చిన మొదటి 72 గంటల్లో నాకు కావలసింది లారీలు, డీజిల్, రోడ్డు ఎక్కడ తెగిందో చెప్పే మనిషి. సరిగ్గా ఆ సమయంలోనే ఒక సమావేశం, ఒక ఫారం, ఒక పట్టిక వచ్చి పడతాయి. నీళ్లలో చిక్కుకున్నవాళ్లకు ఆహారం పొట్లాలు విసిరేటప్పుడు ఆడా మగా అని చూస్తామా? ముందు ప్రాణాలు నిలబెడదాం, సమానత్వం సంగతి తర్వాత చూద్దాం అంటే అందులో తప్పేముంది?

పట్టిక:

తప్పేమిటంటే, ప్రాణాలు పోవడంలోనే తేడా ఉంది. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచే బెసార్ జిల్లాలో నాలుగు గ్రామాలను ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ పరిశీలించింది. బతికి బయటపడ్డ 676 మందిలో స్త్రీలు 189 మందే. ఈత, చెట్టెక్కడం మగపిల్లలకే నేర్పడం, అల వచ్చిన వేళకు ఎవరు ఎక్కడ ఉన్నారు, పిల్లలను ఎవరు ఎత్తుకున్నారు, ఇవన్నీ అందుకు కారణాలే. మీరు పొట్లం విసిరే సమయానికి నీళ్లలో మిగిలింది ఎవరన్నది ముందే తేలిపోయింది.

గొట్టంబావి:

నేను నీరు-పారిశుధ్యం ఇంజినీరును. అడ్డుప్రశ్న గారి వాదన నాకు కొత్త కాదు, మా విభాగంలోనూ రోజూ వినేదే. ఒక సంగతి చెబుతాను.

విపత్తు సాయానికి కనీస కొలతలు చెప్పే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం ఉమ్మడి మరుగుదొడ్డి ఒక్కొక్కటీ 20 మందికి మించి వాడకూడదు. మగవాళ్లకు ఒకటుంటే ఆడవాళ్లకు మూడు ఉండాలి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, గుడారం నుంచి 500 మీటర్లలోపు కుళాయి, క్యూలో నిలబడేది అరగంటకు మించకూడదు. నేను చూసిన శిబిరంలో ఈ అంకెలన్నీ సరిపోయాయి. నివేదికలో అన్ని గడులకూ టిక్కులు పడ్డాయి.

కానీ ఆడవాళ్ల మరుగుదొడ్ల వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లడం లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే తలుపుకు గడియ బయటి వైపు ఉంది. లోపల లేదు. గుత్తేదారుకు ఇచ్చిన నమూనాలో ‘గడియ: 1’ అని ఉంది, ఏ వైపన్నది లేదు. గాలికి తలుపు కొట్టుకోకుండా బయట బిగించాడు. అతని దృష్టిలో పని పూర్తయింది. పగలైతే ఇద్దరిద్దరుగా వెళ్తున్నారు, ఒకరు లోపల, ఒకరు తలుపు పట్టుకుని బయట. రాత్రి అదీ లేదు. మధ్యాహ్నం దాటితే నీళ్లు తాగడమే మానేశారు.

ఆరోగ్య విభాగం పుస్తకంలో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు పెరిగాయని ఉంది. పోషకాహారం వాళ్ల పుస్తకంలో బాలింతలు నీళ్లు తక్కువ తాగుతున్నారని ఉంది. రక్షణ విభాగం వాళ్లు ‘రాత్రివేళ మహిళలకు భయం’ అని రాసుకున్నారు. మా పుస్తకంలో మరుగుదొడ్ల లక్ష్యం నూటికి నూరు శాతం. నాలుగు పుస్తకాల్లో ఉన్నదీ ఒక్క గడియ గురించే. వాటిని పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు లేరు. వానాకాలం గారూ, మీ బృందానికి పని ఎక్కడుందని అడిగారు. నా లెక్కన ఇక్కడుంది.

వానాకాలం:

గొట్టంబావి గారూ, ధన్యవాదాలు. ఆ నాలుగు పుస్తకాలూ మా దగ్గరా ఉన్నాయి. వాటిని ఒక బల్ల మీదికి తేవడం ఎలాగన్నదే చూడాలి. అన్ని సర్వేలనూ కలిపి ఒకటే చేస్తే సరిపోతుందా? పట్టిక గారు ఏమంటారు?

పట్టిక:

ఒకే సర్వే అని మొదలుపెడితే ప్రతి సంస్థా తన ప్రశ్నలన్నీ అందులో కుక్కుతుంది. అది గంటన్నర విచారణగా మారుతుంది. అంతకన్నా, ఎవరు ఎప్పుడు ఏ ప్రాంతంలో సర్వే చేస్తున్నారో ముందే తెలిపే ఉమ్మడి క్యాలెండర్ పెట్టండి. ప్రతి సర్వేలోనూ ఒకే మాటల్లో ఉండాల్సిన కొద్దిపాటి ప్రశ్నలు ఖరారు చేయండి. జవాబులు అందరూ వాడుకునేలా చూడండి. మొదటి నెల పనికి అది చాలు.

ప్రశ్నలకన్నా ముందు నమోదు ఫారం చూడండి. ‘కుటుంబ యజమాని పేరు’ అన్న ఒకే గడి ఉంటుంది. అందులో మగవాడి పేరు పడుతుంది. రేషన్ కార్డు అతని జేబులో ఉంటుంది. అతను పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్తే కార్డూ వెళ్తుంది. వదిన, మరిది, అత్త కలిసి ఉన్న గుడారంలో వితంతువుది విడి కుటుంబమా, కాదా? ఆ నిర్ణయం సర్వే చేసే కుర్రాడి చేతిలో ఉంటుంది. ఇష్టంలేని భర్తతో కార్డు కోసం కలిసి ఉంటున్నవాళ్లూ ఉన్నారు. ఆ గడిలో ఇద్దరు పెద్దల పేర్లు రాసే వీలు కల్పించి, కార్డు విడగొట్టమని అడిగే దారి చూపిస్తే చాలా మారుతుంది. ఇది ఆహార విభాగం ఒక్కటే చేస్తే కుదరదు. ఆశ్రయం, నగదు సాయం, అన్నీ ఆ జాబితా మీదే నడుస్తాయి.

వయసు విషయం కూడా. ‘పిల్లలు’, ‘మహిళలు’ అని రెండు ముక్కలు చేస్తే 12 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లలు రెండింట్లోనూ కనబడరు. బడి మానేసేది, పెళ్లి చేసి పంపేసేది ఆ వయసులోనే.

అడిగేవాళ్లు ఎవరన్నది అన్నిటికన్నా ముఖ్యం. అఫ్గానిస్థాన్‌లో 2022 డిసెంబరులో స్వచ్ఛంద సంస్థల్లో మహిళలు పనిచేయకూడదని తాలిబన్లు నిషేధించారు. 2023 ఏప్రిల్‌లో దాన్ని ఐరాస కార్యాలయాలకూ వర్తింపజేశారు. మహిళా సిబ్బంది లేకపోతే అక్కడి మహిళల్లో చాలామందిని కలవడమే సాధ్యం కాదని అప్పుడు అందరికీ అర్థమైంది. నిషేధం లేనిచోట కూడా మన సర్వే బృందాల్లో ఎంతమంది మహిళలున్నారో ఒకసారి లెక్కపెట్టుకోండి.

కేసువర్కర్:

నేను హింస బాధితులతో పనిచేసే మనిషిని. ఉమ్మడి ప్రశ్నలు అనగానే నాకు గుండె గుభేలుమంటుంది. దయచేసి ‘మీ మీద దాడి జరిగిందా?’ లాంటి ప్రశ్న అందులో పెట్టకండి. గుడారం గోడ అంటే ఒక గుడ్డ. పక్కన అత్త ఉంటుంది, బయట భర్త ఉంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే దీనిమీద భద్రతా, నైతిక సూచనలు ఇచ్చింది. సమాచారం సేకరించడం వల్ల కలిగే మేలు కీడు కన్నా ఎక్కువై ఉండాలి. బాధితులకు కనీస సేవలు అందుబాటులో లేనిచోట ఆ సేకరణే చేయకూడదు. లైంగిక హింస జరుగుతోందనే అనుకుని ఏర్పాట్లు చేయాలి, అంకెల కోసం ఎదురుచూడకూడదు అని ఐఏఎస్‌సీ 2015 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ‘కేసులెన్ని?’ అని అడిగే ప్రతి దాతకూ ఇదే జవాబు చెప్పండి.

అడ్డుప్రశ్న గారూ, మీరన్న 72 గంటలు మాకూ లెక్కే. అత్యాచారం జరిగాక హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్రలకు గడువు 120 గంటలు. బాధితురాలు మొదట చెప్పుకునేది నాకు కాదు. నీళ్ల పంపు దగ్గర ఉండే వలంటీరుకో, టోకెన్లు ఇచ్చే అమ్మాయికో చెప్పుకుంటుంది. ఎక్కడికి పంపాలో ఆ అమ్మాయికి తెలియకపోతే గడువు దాటిపోతుంది.

కాబట్టి జెండర్ బృందం మాకు చేయగల పెద్ద సాయం ఒకటుంది. ఏ సేవ ఎక్కడ, ఏ వేళల్లో దొరుకుతుందో చెప్పే ఒక పేజీ కాగితం ప్రతి రంగం సిబ్బంది చేతిలోనూ ఉండేలా చూడండి. అది పాతబడకుండానూ చూడండి. వైద్యశాల చోటు మారి ఉంటుంది, కాగితంలో పాత చోటే ఉంటుంది. ఫోను నంబరు మోగదు. వారానికోసారి ఎవరో ఒకరు ఆ నంబర్లన్నిటికీ ఫోన్ చేసి చూడటం పెద్ద పనేమీ కాదు. కానీ ఎవరి పని అని రాసి లేకపోతే ఎవరూ చేయరు.

ఫిర్యాదుల పెట్టె గురించి కూడా ఒక మాట. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శరణార్థి శిబిరాల్లో సహాయ సిబ్బందే సాయాన్ని ఎరగా వేసి బాలికలను లైంగికంగా వాడుకుంటున్నారని 2002లో బయటపడింది. 2003లో ఐరాస ప్రధాన కార్యదర్శి పేరిట నిషేధ ఉత్తర్వు వచ్చింది అందుకే. రేషన్ ఇచ్చే సంస్థే ఫిర్యాదుల పెట్టె తాళం దగ్గర పెట్టుకుంటే ఎవరు చీటీ వేస్తారు? అన్ని సంస్థలకూ కలిపి ఉమ్మడి ఫిర్యాదుల ఏర్పాటు కావాలి.

నిర్వాహకులు:

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి. బాధితులను గానీ శిబిరాన్ని గానీ గుర్తుపట్టగల వివరాలు ఎవరూ రాయవద్దు. ఒక సందేశంలో శిబిరం పేరు తొలగించాం.

అడ్డుప్రశ్న:

మందుల గడువు సంగతి నాకు నిజంగా తెలియదు. మా లారీ డ్రైవర్లకూ ఆ కాగితం ఇవ్వండి, పెట్టుకుంటారు.

కానీ ఇంకో అడ్డుప్రశ్న. మీరు చెప్పినవన్నీ మంచి ఇంజినీరు, మంచి సర్వే అధికారి, మంచి వైద్యుడు తమంతట తాము చేయాల్సిన పనులే కదా? ప్రత్యేకంగా బృందం ఎందుకు? ఇంకోటి. ‘మహిళల పేరుతోనే కార్డులు’ అని ఒక ఉత్తర్వు వచ్చింది, అమలు చేశాం. పంపిణీ చేసిందేమో 50 కిలోల బస్తా. దాన్ని నెత్తికెత్తుకునే మనిషి ఎవరు? గేటు బయట కూలీలు, చక్రాల బండ్లవాళ్లు కాచుకుని ఉంటారు. కూలి కింద బియ్యమే కొలిచి ఇస్తారు. ఆ పేదరాలి రేషన్‌లో కొంత గుడారానికి చేరకుండానే తరిగిపోతుంది. మీ నివేదికల్లో మాత్రం ‘సాయం అందుకున్నవారిలో మహిళలు ఇంత శాతం’ అని గొప్పగా పడుతుంది. ఇదేనా సమానత్వం?

పాతకాపు:

అడ్డుప్రశ్న గారు తెలియకుండానే నా పని తేలిక చేశారు. మీ బస్తా సంగతే బృందం ఎందుకన్న ప్రశ్నకు జవాబు. కార్డు ఎవరి పేర ఉండాలో నిర్ణయించింది రక్షణ విభాగం సలహా. బస్తా బరువు నిర్ణయించింది కొనుగోలు విభాగం. గేటు చోటు నిర్ణయించింది శిబిరం నిర్వహణ. ముగ్గురూ తమ తమ పని సరిగ్గానే చేశారు.

ఇంకా పెద్ద ఉదాహరణ సూడాన్‌లోని దార్ఫుర్. శిబిరాల్లో ఇచ్చిన ధాన్యం, పప్పులు వండనిదే తినలేనివి. వంటచెరకు ఇవ్వడం ఏ రంగం పద్దులోనూ లేదు. కట్టెల కోసం ఆడవాళ్లు శిబిరం దాటి దూరం వెళ్లాల్సి వచ్చింది. దారిలో దాడులు జరిగాయి. శాంతిపరిరక్షక దళాలను కాపలా పంపడం, తక్కువ కట్టెలతో మండే పొయ్యిలు ఇవ్వడం, ఇవన్నీ తర్వాత వచ్చినవే. దీన్ని ఏ రంగానికి చెందిన సమస్య అంటారు? ఆహారమా, ఆశ్రయమా, పర్యావరణమా, రక్షణా? వంటచెరకు గురించి అన్ని సంస్థలూ కలిసి కూర్చోవడానికి 2007లో ఐఏఎస్‌సీ ప్రత్యేక కార్యదళాన్నే ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

మంచి ఇంజినీరు తన గడియ తాను చూసుకుంటాడు, ఒప్పుకుంటాను. రెండు రంగాల నడుమ పడిపోయేవాటిని చూడటం ఏ ఒక్కరి ఉద్యోగ బాధ్యతల్లోనూ ఉండదు.

ఊడలమర్రి:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను స్థానిక మహిళా సంఘం మనిషిని. ఇంతవరకు మాట్లాడిన అందరూ మమ్మల్ని ‘సంప్రదించాల్సినవాళ్ల’ జాబితాలో వేసినట్టుంది.

మా వైపు నుంచి ఎలా కనబడుతుందో చెబుతాను. సమావేశం నగరంలో, పెద్ద సంస్థ కార్యాలయంలో. మేం వెళ్లి రావడానికి ఒక పూట పడుతుంది, దారి ఖర్చులు మావే. మాటలన్నీ ఇంగ్లీషులో, అదీ సంక్షిప్తాక్షరాల్లో. చివర్లో ‘స్థానిక సంఘాలు ఏమైనా చెబుతాయా?’ అంటారు. మేం చెప్పింది సమావేశ వివరాల్లో ఒక వాక్యమవుతుంది. ఫొటో మాత్రం పెద్దదే వస్తుంది.

శిబిరంలో మహిళా కమిటీల సంగతి వినండి. నీళ్ల సంస్థ ఒక కమిటీ పెట్టింది. ఆహారం సంస్థ ఒకటి, ఆశ్రయం సంస్థ ఒకటి, బడి వాళ్లు ఒకటి. అన్నిట్లోనూ అవే మొహాలు! చదువు వచ్చినవాళ్లు, ఇంట్లో ఒప్పుకునేవాళ్లు కొద్దిమందే కాబట్టి వాళ్లనే అందరూ లాక్కెళ్తారు. పాపం వాళ్లకు వారమంతా కమిటీలే. వంట, నీళ్లు, పిల్లలు ఎలాగూ తప్పవు. వికలాంగురాలో ముసలావిడో ఆ కమిటీల్లో కనబడితే ఒట్టు. నాలుగు కమిటీలను ఒకటి చేసి, అన్ని సంస్థలూ దాని దగ్గరికే వెళ్తే బాగుంటుందని ఎన్నిసార్లు చెప్పినా ప్రతి సంస్థకూ తన నివేదికలో తన కమిటీ కావాలి.

డబ్బు సంగతి. 2016లో ఇస్తాంబుల్ శిఖరాగ్ర సమావేశంలో దాతలకూ పెద్ద సహాయ సంస్థలకూ మధ్య గ్రాండ్ బార్గెయిన్ అనే ఒప్పందం అన్నారు. 2020 నాటికి నిధుల్లో కనీసం 25 శాతం స్థానిక సంస్థలకు చేరాలన్నారు. గడువు దాటింది, లక్ష్యం చేరలేదు. మాకొచ్చేది పెద్ద సంస్థ కింద మూడు నెలల ఉపఒప్పందం. అందులో కార్యాలయం అద్దెకూ అకౌంటెంటుకూ పద్దు ఉండదు. 2025లో నిధుల కోతల తర్వాత 44 సంక్షోభ ప్రాంతాల్లోని 411 మహిళా సంఘాలను యూఎన్ విమెన్ అడిగింది. ఆరు నెలల్లో మూతపడే పరిస్థితిలో ఉన్నామని 47 శాతం చెప్పాయి. మీరు సమన్వయం ఎవరితో చేస్తారు మరి?

వానాకాలం గారూ, మీ బృందానికి సహాధ్యక్షత స్థానిక సంఘానికి ఇవ్వండి. ఊరికే కుర్చీ వేసి సరిపెట్టకండి. దారి ఖర్చు, అనువాదం, ఆ మనిషి సమయానికి వేతనం కూడా ఉండాలి.

లెక్కలపద్దు:

ఊడలమర్రి గారి మాటకు నా ఓటు. ఒకటి మాత్రం కలుపుతాను. సహాధ్యక్షత ఇవ్వాలంటే ఎవరో ఒకరి బడ్జెట్‌లో ఆ పద్దు ముందే ఉండాలి. నేను దాతలకు ప్రతిపాదనలు రాసే మనిషిని, కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

2018 నుంచి ఐరాస ప్రతిస్పందన ప్రణాళికల్లోని ప్రాజెక్టులకు ఐఏఎస్‌సీ జెండర్-వయసు మార్కర్ అనే అంచనా ఫారం నింపాలి. 0 నుంచి 4 వరకు కోడ్ వస్తుంది. రూపకల్పన దశలో అది చూసేవి నాలుగు. విశ్లేషణ చేశారా? దానికి తగ్గట్టు పనులు మలిచారా? బాధితులకు నిర్ణయాల్లో చోటుందా? ఎవరికి ఏ మేలు జరుగుతుందో చెప్పారా? సాధనం మంచిదే. కానీ నింపేది ప్రాజెక్టు రాసినవాళ్లే. 4 రావడానికి ఏ మాటలు వాడాలో ఈపాటికి అందరికీ కంఠతా వచ్చేసింది. అదే ప్రశ్నలను ఆరు నెలల తర్వాత పర్యవేక్షణ దశలో మళ్లీ అడగాలి. అక్కడికి వచ్చేసరికి ఉత్సాహం సన్నగిల్లుతుంది. జెండర్ బృందం ఆ రెండో దశ జవాబులు తెప్పించుకుని చదివితే చాలు, మాటలకూ చేతలకూ ఎంత దూరమో తెలుస్తుంది.

విడిగా జెండర్ నిధి కోసం ఎదురుచూడకండి. 2016 నుంచి 2018 వరకు మొత్తం మానవతా నిధుల్లో లింగాధారిత హింసను ఎదుర్కొనే పనులకు దక్కింది 0.12 శాతమని 2019లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ చిన్న ముక్క కోసం కేసువర్కర్ గారితో పోటీ పడటం న్యాయం కాదు. మీకు కావలసింది ఇతర రంగాల బడ్జెట్లలోనే ఉంది. లోపలి గడియ, దారి దీపం, మహిళా సిబ్బందికి సురక్షితమైన బస, శిక్షణకు వచ్చే తల్లుల పిల్లలను చూసుకునే ఆయా, చిన్న బస్తాలు. ఒక్కొక్కటీ చిన్న పద్దే, కానీ ప్రతిపాదన వెళ్లాక చేర్చడం గగనమే.

అందుకే వేళ ముఖ్యం. అవసరాల అంచనా రాస్తున్నప్పుడు, ప్రతిస్పందన ప్రణాళిక తయారవుతున్నప్పుడు మీరు ఆ గదిలో ఉండాలి. ప్రణాళిక ముద్రణకు వెళ్లాక మీరు పంపే సూచనలన్నీ ఉపోద్ఘాతంలో ఒక పేరాగా మిగులుతాయి.

కొత్తగుడారం:

ఒక చిన్న సందేహం. జెండర్ అంటే మగవాళ్లు కూడా కదా? ఒంటరి మగవాళ్లు, కౌమారంలోని అబ్బాయిలు చాలా జాబితాల్లో చివర ఉంటున్నారు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

కేసువర్కర్:

సరైన ప్రశ్న. నిర్బంధంలో, సరిహద్దులు దాటేటప్పుడు మగవాళ్ల మీద, అబ్బాయిల మీద లైంగిక హింస జరుగుతుంది. వాళ్లు అడుగుపెట్టడానికి వీలుగా ఉండే వైద్య సేవ చాలాచోట్ల లేదు. భార్య పోయి పసిబిడ్డతో మిగిలిన తండ్రికి ‘తల్లుల బృందం’లో చోటుండదు. పాల సలహాలు, టీకాల సమాచారం అన్నీ అక్కడే దొరుకుతాయి మరి. సేవల కాగితంలో మగ బాధితులు ఎక్కడికి వెళ్లాలో ఒక వరుస తప్పకుండా ఉండాలి. అలాగని ఉన్న మహిళా కేంద్రాన్ని ‘అందరి కేంద్రం’గా మార్చేయకండి, ఆడవాళ్లు రావడం మానేస్తారు. రెండూ విడిగా కావాలి.

వానాకాలం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అధికారం గురించి మాత్రం నా అనుమానం తీరలేదు. రంగాల సమన్వయకర్తలను అడిగితే ‘మీ సూచనలు పంపండి, చూస్తాం’ అంటారు. ఆ చూడటం ఎప్పటికీ పూర్తికాదు.

పాతకాపు:

సూచనలు పంపకండి. నిర్ణయాలు అడగండి. అన్ని రంగాల సమన్వయకర్తలూ కలిసే సమావేశంలో మీ బృందానికి ప్రతిసారీ ఒక అంశం కేటాయించమనండి. 2017 విధానంలోని జవాబుదారీ చట్రం దేశంలో సాయాన్ని సమన్వయం చేసే ఐరాస మానవతా సమన్వయకర్త మీద, ప్రధాన సంస్థల అధిపతులుండే దేశస్థాయి బృందం మీద బాధ్యత పెట్టింది. దాన్ని చూపించి అడగండి, కాదనలేరు. వెళ్లిన ప్రతిసారీ ఒక్క సమస్యే పట్టుకెళ్లండి. రెండు రంగాల నడుమ ఉన్నది, ఖర్చెంతో తెలిసినది. మీ పంపిణీ రోజు, వైద్యశాల రోజు గొడవ అందుకు సరిగ్గా సరిపోతుంది. సమావేశ వివరాల్లో ఎవరు, ఏ తేదీలోపు అన్నది రాయించండి. తర్వాతి సమావేశం ఆ వాక్యంతోనే మొదలవ్వాలి.

పట్టిక:

పాతకాపు గారితో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. ఒక్కో సమస్య చొప్పున వెళ్తే ఏడాదికి పన్నెండు తీరుతాయి, మూలం అలాగే ఉంటుంది. నమోదు ఫారం లాంటివాటిని మొదట్లోనే పట్టుకోవాలి. ఒకసారి జాబితా తయారైతే దాన్ని మార్చడానికి ఎవరూ ముందుకు రారు.

పాతకాపు:

కాదనను. కానీ ఫారం మార్చమని అడగడానికి ముందు ఈమె మాట వింటే పని జరుగుతుందన్న నమ్మకం ఆ గదిలో కలగాలి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి సమావేశంలోనే జాబితా మొత్తం తిరగరాయమంటే తలుపు మూసుకుంటుంది.

వానాకాలం:

రెండూ ప్రయత్నిస్తాను. వచ్చే సమావేశానికి పంపిణీ రోజు మార్పు తీసుకెళ్తున్నాను. వైద్యశాల వాళ్లతో మాట్లాడాను, వాహనం ఒకటే కాబట్టి తమ రోజు మార్చలేమన్నారు. ఆహారం వాళ్లు మార్చగలరు కానీ గిడ్డంగి నుంచి లారీలు ముందు రోజు బయలుదేరాలట. నమోదు ఫారంలో రెండో పేరు గడి గురించి పట్టిక గారు ఒక పేజీ నమూనా పంపితే సాంకేతిక బృందానికి విడిగా ఇస్తాను. సహాధ్యక్షత విషయం మా బృందంలోనే తేల్చగలం. ఊడలమర్రి గారూ, దారి ఖర్చు, అనువాదం పద్దులు ఏ సంస్థ భరిస్తుందో తేలాకే మిమ్మల్ని పిలుస్తాను.

అడ్డుప్రశ్న గారూ, లారీలు ఒక రోజు ముందు కదలడం, 50 కిలోల బస్తాకు బదులు 25 కిలోలవి రెండు. ఈ రెండింటికీ మీ వైపు నుంచి అడ్డంకులేమిటి?

అడ్డుప్రశ్న:

లారీలకు అడ్డంకి లేదు. వారం ముందు రాతపూర్వకంగా చెబితే చాలు. బస్తాల విషయం వేరు. సంచుల ఖర్చు పెరుగుతుంది, ఎక్కించి దించే కూలి పెరుగుతుంది, లెక్కపెట్టే సమయం రెట్టింపవుతుంది. అయినా చేయొచ్చు. గిడ్డంగిలో ఉన్న సరుకును తిరిగి నింపించడం నా వల్ల కాదు, తర్వాతి కొనుగోలు ఆర్డరులోనే మార్చాలి. టెండరు పత్రంలో బస్తా బరువు రాసే వరుస ఒకటుంటుంది. అది దాటాక ఎవరు ఫోన్ చేసినా నేను ఎత్తను. ఆహారం సమన్వయకర్త సంతకంతో ఒక లేఖ తెప్పించండి. ఆ గేటు కూడా చక్రాల బండి పట్టేంత వెడల్పు లేదు, శిబిరం నిర్వహణ వాళ్లకు అదే లేఖలో నకలు పెట్టండి.